ఓళ్ళం, అట

సఖినేటిపల్లి రేవులో పంటు దిగేసరికి
ట్యాబులో చార్జింగు నలభై ఒకటి.
ఇంకా పదమూడు ఇళ్ళు.
ప్రతి ఇంటికీ అదే గడి తెరుచుకుని
నోరావలించి చూస్తుంది:
స్వస్థలం.

కాలవగట్టు మీద మొదటిల్లు గేదెల అప్పలకొండది.
కొబ్బరి డొక్కల కుప్ప పక్కన
కాళ్ళు బారజాపి పీచు లాగుతోంది.
ఏ ఊరు మామ్మా మీది?
"మేం బొబ్బిలోళ్ళమండి. ఆయ్."

బొబ్బిలి చూశావా?
లేదండి.
మీ అమ్మ?
లేదండి.
అమ్మమ్మ?
"ఆవిడ పుట్టిందే ఈ లాకుల దగ్గరండి.
ఆవిడ తాతెవరో వచ్చాడంట, కాలవ తవ్వడానికి,
పారా, తట్టా, ఒక మేకా."

మరి బొబ్బిలోళ్ళం అంటావేంటి?

అలా చూసింది నన్ను,
ఉప్పుని ఉప్పని ఎందుకంటారని అడిగినట్టు.
"బొబ్బిలోళ్ళం కాబట్టండి."

పొద్దున్నే నరసాపురంలో
పంటెక్కేముందు ఫ్యాను మోటారిచ్చాను, చుట్టడానికి.
కొట్టు బోర్డు మీద ఇదే ఇంటిపేరు:
గేదెల వెంకటరత్నం.
మీరూ బొబ్బిలి వాళ్ళేనా అంటే
రాగితీగ పళ్ళతో పట్టుకునే చెప్పాడు:
"మా తాతల తాతలది అటేపంటండి. అట.
మేం నరసాపురం వాళ్ళం."

ఆ మేక తోలుకొచ్చినవాడికి
ఇద్దరు కొడుకులయ్యుంటారు,
ఒకడు నది దాటుంటాడు.
అంతకన్నా ఏమీ జరక్కపోయుండొచ్చు.
ఈ ఒడ్డున ఓళ్ళం.
ఆ ఒడ్డున అట.
మధ్యలో వశిష్ఠ, పది రూపాయల టిక్కెట్టు.

తూర్పోళ్ళు అనే మాట కూడా ఇంతే.
నరసాపురంలో ఆ మాటంటే
సఖినేటిపల్లి వాళ్ళు తలెత్తుతారు.
సఖినేటిపల్లిలో అంటే
అందరూ అప్పలకొండ ఇంటివైపు చూస్తారు.
బొబ్బిల్లో అంటే ఎవరు తలెత్తుతారో,
వాళ్ళకింకా తూర్పున ఎవరున్నారో
నేనెరగను.

అప్పలకొండ మనవడు శివాజీ ఓసారి వెళ్ళాడట,
కొబ్బరి లోడు లారీ మీద.
టీకొట్టు దగ్గర, మాదీ ఈ ఊరేనండి, ఆయ్, అన్నాడట.
బల్ల మీదున్న నలుగురూ నవ్వారట.
గోదారోడొచ్చినాడ్రా, ఇంకో సెంచా పంచదారెయ్యి.
టీ బావుందిగానీ
అక్కడెవరూ నన్ను బొబ్బిలోడన్లేదు మామ్మా
అని వచ్చి చెప్పాడట.
"ఆళ్ళకేం తెలుసురా," అందిట ముసల్ది,
"ఆళ్ళు అక్కడే ఉండిపోయారు కదా."

నేను నవ్వబోయి ఆగిపోయాను.

ఇంతలో దూడ వచ్చి నా చున్నీ నమలడం మొదలెట్టింది.
"ఒగ్గీ," అంది అప్పలకొండ, తలెత్తకుండానే.
"ఒగ్గీయే, బేగొగ్గీ."
ఈ గట్టు మీద ఎవరూ అనరు ఆ మాట.
వదులు అంటారు, వదిలెయ్యవే అంటారు.
ఏమన్నావు మామ్మా?
"ఏవన్నానండి?"
దూడకి మటుకు తెలుసు.
చున్నీ వదిలేసి వెళ్ళిపోయింది.

గడిలో జిల్లాల పట్టీ జారింది కిందికి,
ఒకటే ఎంచుకోమంది.
దూడకి చెప్పిన మాట రాయడానికి చోటు లేదు.
నేనేం నొక్కానో చెప్పను.

సాయంత్రం పంటులో జనం, సైకిళ్ళు, రొయ్యల ట్రేలు.
టిక్కెట్టు చింపే పెద్దాయన అడిగాడు:
ఎక్కడమ్మా మీది?
మా నాన్నది కాకినాడండి, అన్నాను.

మా నాన్న అలా అనేవాడు కాదు.
పాతికేళ్ళు నరసాపురంలో గుమాస్తా చేసి,
మేం కాకినాడ వాళ్ళం అనేవాడు,
మమ్మల్నందర్నీ కలిపి,
అక్కడ ఒక్క రాత్రి పడుకోని నన్ను కూడా.

మేం, వాళ్ళం:
ఆ రెండు మాటలూ నా నోట్లోంచి
ఎప్పుడు జారాయో.

ట్యాబు మూడు శాతం చూపించి ఆరిపోయింది.
పెద్దాయన ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు.
చిల్లర లేదు.